అమెరికా అధ్యక్షుల ఆర్కైవ్స్‌లో పౌరహక్కుల పరిశోధన: ఎక్కడ మొదలుపెట్టాలి?

హిమబిందు_ఆర్ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. నేను పొలిటికల్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. మిసిసిపీలో తెల్లవారి డెమోక్రటిక్ పార్టీకి పోటీగా నల్లజాతివారు పెట్టుకున్న మిసిసిపీ ఫ్రీడమ్ డెమోక్రటిక్ పార్టీకి, ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్‌కి మధ్య 1964 వేసవిలో నడిచిన రాజకీయం నా అంశం. ఆ ఏడాది జూలై 2న పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టిన మనిషే ఆగస్టు ఆఖర్లో అట్లాంటిక్ సిటీలో జరిగిన డెమోక్రటిక్ పార్టీ మహాసభలో మిసిసిపీ నల్లజాతి ప్రతినిధులకు సీట్లు దక్కకుండా ఎందుకు అంత పట్టుపట్టాడు? నేను తేల్చుకోవాలనుకుంటున్నది ఇదే.

ఇంతవరకూ చదివినవన్నీ పుస్తకాలే. మా గైడ్ ఇక మూలపత్రాల్లోకి దిగమంటున్నారు. ఆస్టిన్‌లోని ఎల్‌బీజే (లిండన్ జాన్సన్) లైబ్రరీలో నాలుగున్నర కోట్ల పేజీలున్నాయట. అందులో నాకు కావలసిన పేజీలు ఎలా పట్టుకోవాలి? వీసా, ఖర్చు సంగతి ఇంకా తేలలేదు కాబట్టి ఇక్కడి నుంచే ఎంతవరకూ చేయగలనో కూడా చెప్పండి.

శ్రీనివాస్_ఆస్టిన్

బిందు గారూ, ముందు లైబ్రరీ అన్న మాటను పక్కన పెట్టండి. ఇది పుస్తకాలుండే చోటు కాదు, వైట్‌హౌస్ ఆఫీసు కాగితాలన్నీ అట్టపెట్టెల్లో వచ్చి చేరిన చోటు. ఆ ఆఫీసు కాగితాన్ని ఎలా ఫైల్ చేసిందో తెలిస్తేనే మీకు అది దొరుకుతుంది.

అక్కడి గుమాస్తాలు ప్రతి కాగితానికీ ఒక కోడ్ వేసేవారు. మానవ హక్కులకు హెచ్‌యూ. అందులో జాతుల సమానత్వానికి హెచ్‌యూ 2. పక్కన రాష్ట్రం కోడ్ తగిలిస్తారు. రాష్ట్రాలకు అక్షరక్రమంలో అంకెలిచ్చారు కాబట్టి అలబామా ఎస్‌టీ 1, మిసిసిపీ ఎస్‌టీ 24. అంటే మీరు మొదట అడగాల్సిన ఫోల్డర్ హెచ్‌యూ 2/ఎస్‌టీ 24. పౌరహక్కుల చట్టం బిల్లుకు సంబంధించినవి ఎల్‌ఈ/హెచ్‌యూ 2 కింద ఉంటాయి.

ఇంకొకటి. అదే కోడ్ మీద ఈఎక్స్ అని కొన్ని, జీఈఎన్ అని కొన్ని ఫోల్డర్లు కనిపిస్తాయి. ఈఎక్స్ అంటే వైట్‌హౌస్ సిబ్బంది, మంత్రులు, గవర్నర్ల స్థాయి కాగితాలు. జీఈఎన్‌లో మామూలు జనం రాసిన ఉత్తరాలుంటాయి. చాలామంది ఈఎక్స్ చూసి వెళ్లిపోతారు. మీ అంశానికి రెండూ కావాలి.

నేమ్ ఫైల్ అని మనుషుల పేర్లతో ఇంకో వరుస ఉంది. ఫ్రీడమ్ పార్టీ నాయకులు ఫ్యానీ లూ హేమర్, ఆరన్ హెన్రీ, వాళ్ల లాయర్ జోసెఫ్ రావ్ పేర్లు రాసి, వాటిలో ఏముందో చెప్పమని ఆర్కివిస్టుకు మెయిల్ పెట్టండి. జవాబు వస్తుంది, మొహమాటపడకండి. మీ ప్రశ్న ఎంత స్పష్టంగా ఉంటే వాళ్ల జవాబు అంత పనికొస్తుంది. మిసిసిపీ గురించి ఏమున్నాయి అని అడిగితే ఫైండింగ్ ఎయిడ్ (పెట్టెల్లో ఏముందో చెప్పే జాబితా) లింకు ఒకటి పంపి ఊరుకుంటారు.

వరంగల్_రవి

బిందు గారూ, నాది వేరే మాట. కొట్లాడింది మిసిసిపీ జనం. వాళ్ల చరిత్రను ప్రెసిడెంట్ టేబుల్ మీదున్న కాగితాల నుంచి ఎందుకు మొదలుపెట్టాలె? అక్కడ మొదలుపెడితే జాన్సన్ హీరో అన్నా అవుతడు, విలన్ అన్నా అవుతడు. ఎట్లయినా కథంతా ఆయన చుట్టే తిరుగుతది.

విస్కాన్సిన్ హిస్టారికల్ సొసైటీ వాళ్ల ఫ్రీడమ్ సమ్మర్ సేకరణ ఆన్‌లైన్‌ల ఉచితంగ ఉన్నది. ఉద్యమంల పనిచేసినోళ్ల ఉత్తరాలు, మీటింగుల మినిట్స్, కరపత్రాలు ఉంటయి. అట్లనే మిసిసిపీ సావరిన్టీ కమిషన్ ఫైళ్లు చూడుర్రి. 1956ల ఆ రాష్ట్ర ప్రభుత్వమే పెట్టిన నిఘా సంస్థ అది. 1977ల మూసేసి, ఆ ఫైళ్లను 2027 దాకా తెరవొద్దని చట్టం చేసిన్రు. కోర్టు కేసు నడిచి 1998ల తెరుచుకున్నయి. ఎవరు ఎవరితోని కలిసిన్రు, ఎవరి కారు నంబర్ ఎంత, అన్నీ రాసిపెట్టిన్రు. అవి కూడ రాష్ట్ర ఆర్కైవ్స్ సైట్ల ఉన్నయి. మీకు వీసా అక్కర లేదు.

సుజాత_కె (మేరీల్యాండ్)

రవి గారి మాటతో సగం ఏకీభవిస్తాను. ఉద్యమం కాగితాలు ముందు చదవాలి, నిజమే. కానీ అధికారంలో ఉన్నవాళ్లు ఆ జనం గురించి తమలో తాము ఏమనుకున్నారో ఉద్యమం కాగితాల్లో దొరకదు. ఒక్క పత్రం గురించి చెప్తాను.

1964 జూన్‌లో ఉత్తరాది విద్యార్థులు నల్లజాతి ఓటర్లను నమోదు చేయించే ఫ్రీడమ్ సమ్మర్ ఉద్యమం కోసం వందల సంఖ్యలో మిసిసిపీకి బయలుదేరుతున్నారు. వాళ్ల తల్లిదండ్రులు, ఉద్యమ నాయకులు ప్రెసిడెంటును కలిసి కేంద్ర రక్షణ అడగాలనుకున్నారు. పౌరహక్కుల వ్యవహారాలు చూసే సహాయకుడు లీ వైట్ జూన్ 17న జాన్సన్‌కు ఒక నోట్ రాశాడు. కావాలని వెళ్లి సింహం నోట్లో తల పెట్టేవాళ్లే, ఎవరైనా వచ్చి ఆ సింహాన్ని కాల్చాలని అడగడం నమ్మశక్యంగా లేదన్నది అందులో మాట. సరిగ్గా నాలుగు రోజులకు, జూన్ 21న, జేమ్స్ చేనీ, ఆండ్రూ గుడ్‌మన్, మైకేల్ ష్వెర్నర్ అనే ముగ్గురు ఉద్యమ కార్యకర్తలు మిసిసిపీలో కనబడకుండా పోయారు.

లీ వైట్ జాతి విద్వేషి కాడు. ఆ ఆఫీసులో పౌరహక్కుల పక్షాన నిలబడిన మనిషే. అతనే అలా రాశాడంటే, ఆ గదిలో ఆ రోజున మిసిసిపీ ఎంత దూరంగా కనిపించిందో అర్థమవుతుంది. ఇది పెట్టెలోని కాగితమే చెప్పాలి. ఎన్నేళ్ల తర్వాత ఇచ్చిన ఇంటర్వ్యూలోనూ ఎవరూ ఇలా చెప్పుకోరు.

మరో సలహా. ప్రెసిడెంట్ డైలీ డైరీ ఆన్‌లైన్‌లో ఉంది. సెక్రటరీలు నిమిషాల లెక్కన టైప్ చేసిన దినచర్య: ఎవరు వచ్చారు, ఎవరికి ఫోన్ వెళ్లింది. 1964 ఆగస్టు 4 తీసి చూడండి. టోంకిన్ గల్ఫ్ వ్యవహారంలో ఉత్తర వియత్నాం మీద దాడికి ఆదేశాలు వెళ్తున్న రాత్రి అది. ఆ హడావిడిలోనే ఎఫ్‌బీఐ నుంచి కార్తా డిలోచ్ ఫోన్ చేసి, మిసిసిపీలోని ఫిలడెల్ఫియా ఊరి దగ్గర మట్టికట్ట కింద ఆ ముగ్గురి శవాలు దొరికాయని చెప్పాడు. పుస్తకాల్లో వియత్నాం ఒక అధ్యాయం, మిసిసిపీ మరో అధ్యాయం. జాన్సన్ బల్ల మీదకు మాత్రం ఆ రెండూ ఒకే సాయంత్రం వచ్చాయి.

హిమబిందు_ఆర్

సుజాత గారూ, ఆ నోట్ గురించి చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. రవి గారూ, సావరిన్టీ కమిషన్ సైట్ ఇప్పుడే తెరిచాను, చాలా థాంక్స్.

టెలిఫోన్ రికార్డింగుల గురించి కూడా చెప్తారా? రాతప్రతులు పుస్తకాల్లో చూశాను. వాటినే ఉటంకిస్తే సరిపోతుందా, ఆడియో వినాలా?

శ్రీనివాస్_ఆస్టిన్

వినాల్సిందే. జాన్సన్ ఆఫీసులో డిక్టాబెల్ట్ అనే ప్లాస్టిక్ పట్టీ మీద రికార్డు చేసేవారు. మొత్తం 640 గంటల పైచిలుకు ఫోన్ సంభాషణలున్నాయి. తాను పోయాక 50 ఏళ్ల వరకూ తెరవొద్దన్నాడు జాన్సన్. 1992లో కెన్నెడీ హత్య రికార్డుల చట్టం వచ్చాక ఆ సంభాషణలు కొన్ని బయట పెట్టాల్సి వచ్చింది. అప్పటి డైరెక్టర్ హ్యారీ మిడిల్‌టన్ మిగతావీ తెరవడం మొదలుపెట్టించాడు. లేకపోతే 2023 దాకా ఎవరికీ వినే భాగ్యం ఉండేది కాదు.

టేపుల నంబర్లు చూస్తేనే నెల తెలుస్తుంది. డబ్ల్యూహెచ్ 6408 అంటే 1964 ఆగస్టు. వర్జీనియా యూనివర్సిటీ మిల్లర్ సెంటర్ వాళ్లు చాలావాటికి కొత్తగా జాగ్రత్తగా రాతప్రతులు తయారుచేశారు. సెక్రటరీలు అప్పట్లో హడావిడిగా టైప్ చేసినవాటిలో తప్పులు దొర్లాయి, వాటిమీద ఆధారపడకండి. ఆడియో పెట్టుకుని మిల్లర్ సెంటర్ ప్రతి ముందుంచుకుని వింటే జాన్సన్ టెక్సస్ యాస కూడా త్వరగానే అలవాటవుతుంది. ఎక్కడ గొంతు తగ్గించాడు, ఎక్కడ అవతలివాడిని మాట్లాడనివ్వలేదు అన్నది కాగితం మీద కనిపించదు.

ఒక జాగ్రత్త. ప్రతి ఫోనూ రికార్డు కాలేదు. ఏది రికార్డు చేయాలో చాలావరకూ ఆయనే సైగ చేసేవాడు. అవతలివారికి ఆ సంగతి తెలియదు. రికార్డవుతోందని తెలిసి మాట్లాడిన గొంతు ఒకటి, తెలియక మాట్లాడినది ఇంకొకటి. థీసిస్‌లో ఈ మాట రాయకుండా టేపును సాక్ష్యంగా వాడకూడదని నా అభిప్రాయం.

సుజాత_కె (మేరీల్యాండ్)

మీ అంశానికి ఆగస్టు 22 నుంచి 25 వరకూ నాలుగు రోజులు ప్రాణం. వరుసగా పెట్టుకోండి.

22, శనివారం. మహాసభలో ఎవరికి సీటు ఇవ్వాలో తేల్చే క్రెడెన్షియల్స్ కమిటీ ముందు ఫ్యానీ లూ హేమర్ సాక్ష్యం చెబుతోంది. ఓటరుగా నమోదు చేసుకోబోయినందుకు తోట యజమాని ఇంటి నుంచి వెళ్లగొట్టడం, 1963లో వినోనా జైల్లో కొట్టిన దెబ్బలు, అన్నీ చెబుతోంది. టీవీలో ప్రత్యక్ష ప్రసారం. మధ్యలో వైట్‌హౌస్ నుంచి ప్రెసిడెంట్ మాట్లాడబోతున్నాడంటే కెమెరాలు అటు తిరిగాయి. ఉపాధ్యక్ష అభ్యర్థిని ప్రకటిస్తాడేమోనని అందరూ ఎదురుచూశారు. కెన్నెడీ హత్య జరిగి తొమ్మిది నెలలైందన్న మాట తప్ప ఆయన చెప్పిన కొత్త సంగతేమీ లేదు. రాత్రి వార్తల్లో ఛానళ్లు ఆమె సాక్ష్యాన్ని మళ్లీ చూపించాయి, దేశమంతా చూసింది.

తర్వాత బేరసారాలు. హ్యూబర్ట్ హంఫ్రీకి ఉపాధ్యక్ష పదవి దక్కడం ఈ చిక్కు విప్పడం మీదే ఆధారపడినట్టు అయింది. ఆటో కార్మిక సంఘం నాయకుడు వాల్టర్ రూథర్‌ను రంగంలోకి దించారు. ఫ్రీడమ్ పార్టీ తరఫు లాయర్ జోసెఫ్ రావ్ ఆ సంఘానికీ లాయరే, కాబట్టి ఒత్తిడి ఏ దారిన వచ్చిందో చూడండి. చివరికి రెండే సీట్లు, అదీ ఏ రాష్ట్రానికీ చెందని ప్రతినిధులుగా. ఎవరు కూర్చోవాలో కూడా పైవాళ్లే నిర్ణయించారు: ఆరన్ హెన్రీ, ఎడ్ కింగ్. రెండు సీట్ల కోసం మేమింత దూరం రాలేదని హేమర్ తిరగగొట్టింది.

25వ తేదీ టేపులు వినండి. జార్జియా గవర్నర్ కార్ల్ శాండర్స్‌తో మాట్లాడినది ఒకటి. తన సహాయకులు జార్జ్ రీడీతో, వాల్టర్ జెంకిన్స్‌తో మాట్లాడినవి ఇంకొన్ని. పోటీ నుంచే తప్పుకుంటానని, ప్రకటన కూడా రాసుకున్నానని అంటాడు జాన్సన్. భార్య లేడీ బర్డ్ అదే రోజు ఆయనకు ఉత్తరం రాసి వెనక్కి తగ్గవద్దంది. ఎన్నికల్లో గెలుపు దాదాపు ఖాయమైన మనిషి ఒక రోజంతా అలా ఊగిసలాడాడు. అది నటనా, నిజమైన కుంగుబాటా? టేపు విన్న చరిత్రకారుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. నాకైతే నిజమే అనిపించింది.

వరంగల్_రవి

మేడమ్, ఆయన బాధ నిజమే కావొచ్చు. అదే వారం అట్లాంటిక్ సిటీల ఎఫ్‌బీఐ టీమ్ ఏం చేసిందో కూడ చెప్పాలె కద. డిలోచ్ ఆధ్వర్యంల పోయిన ఏజెంట్లు మార్టిన్ లూథర్ కింగ్ హోటల్ రూములు, విద్యార్థుల ఉద్యమ సంఘం ఎస్‌ఎన్‌సీసీ ఆఫీసు ఫోన్లు విన్నరు. ఎవరేం ప్లాన్ చేస్తున్నరో అక్కడి నుంచి అక్కడే వైట్‌హౌస్‌ల జెంకిన్స్‌కు చెప్పిన్రు. సొంత పార్టీ మహాసభల సొంత పార్టీ ప్రతినిధుల మీద నిఘా. ఈ సంగతి 1975, 76ల సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ నడిపిన సెనేట్ కమిటీ (చర్చ్ కమిటీ) విచారణల బయటపడ్డది.

అంటే ఆ టేపుల జాన్సన్ మాట్లాడేటప్పుడు, ఉద్యమం వాళ్లు లోపల ఏమనుకుంటున్నరో ఆయనకు ముందే తెలుసు. ఆ సంగతి మనసుల పెట్టుకోని వినకుంటే టేపు మనల్ని మోసం చేస్తది. చర్చ్ కమిటీ రిపోర్టులు ఆన్‌లైన్‌ల ఉన్నయి, ఆ భాగం చదివినంకనే ఆడియో పెట్టుకోండి బిందు గారూ.

గుంటూరు_మాస్టారు

అమ్మా బిందూ, నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన వాడిని. మీ సంభాషణ మొత్తం చదివాను, ఒకటి కలుపుతాను.

దక్షిణాది తెల్ల ఓటర్లు చేజారిపోతారన్న జాన్సన్ భయం ఊహ కాదు. ఆ నవంబర్‌లో దేశమంతా ఊడ్చేసినా లూజియానా, మిసిసిపీ, అలబామా, జార్జియా, సౌత్ కరోలినా అయిదూ రిపబ్లికన్ అభ్యర్థి గోల్డ్‌వాటర్‌కు పోయాయి. అయితే కథ అక్కడ ఆపితే జాన్సన్ చేసింది సరైనదే అన్న తీర్పు వస్తుంది. కాబట్టి 1965 జనవరి 15 టేపు కూడా వినాలి. మార్టిన్ లూథర్ కింగ్‌తో ఆయన మాట్లాడిన ఫోన్ అది. దక్షిణాదిలో మీరు ఓడిన రాష్ట్రాల్లో ఓటరుగా నమోదైన నల్లజాతివారు నూటికి 40 మంది కూడా లేరని కింగ్ ఎత్తి చూపుతాడు. ఎంత నెమ్మదిగా చెప్పాడో వినమ్మా. న్యాయమని అడగలేదు, నీ ఓట్లు కూడా ఇక్కడే ఉన్నాయని లెక్క చూపించాడు. జాన్సన్ కూడా వెంటనే అందుకున్నాడు. ఓటు హక్కు ఎక్కడ ఘోరంగా నిరాకరిస్తున్నారో ఒక ఉదాహరణ పట్టుకుని రేడియోలో, టీవీలో, చర్చిలో అంతటా చెప్పమన్నాడు. మార్చి 7న అలబామాలోని సెల్మా వంతెన మీద ఓటు హక్కు కోసం నడుస్తున్నవారి మీద లాఠీలు విరిగాయి. ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది.

ఆ చట్టంతో ఏం జరిగిందో మిసిసిపీయే చెబుతుంది. చట్టానికి ముందు అక్కడ నమోదైన నల్లజాతి ఓటర్లు 6.7 శాతం. 1967కల్లా 59.8. అట్లాంటిక్ సిటీలో రెండు సీట్ల దగ్గర ఆగిపోయిన వాళ్లలో హేమర్, హెన్రీ 1968 చికాగో మహాసభలో కొత్త మిసిసిపీ ప్రతినిధి బృందంలో కూర్చున్నారు. ఆగస్టు 1964లో మొదలుపెట్టినా నీ థీసిస్‌ను అక్కడే ముగించవద్దని నా కోరిక.

ఇంకో మాట నన్ను తొలుస్తోంది. కారంచేడు 1985 జూలై 17న, చుండూరు 1991 ఆగస్టు 6న. ఆ తర్వాత బాధితులు, సంఘాలు ముఖ్యమంత్రికి, ప్రధానికి ఎన్ని అర్జీలు పెట్టుకున్నారో. వాటిమీద ఏ అధికారి ఏమని నోట్ రాశాడో మన పరిశోధకులు ఎవరైనా చూశారా? లీ వైట్ నోట్ లాంటిది మన దగ్గర కూడా ఉండే ఉంటుంది కదా. పబ్లిక్ రికార్డ్స్ చట్టం మనకూ 1993 నుంచి ఉంది. అక్కడ తెరిచినట్టు ఇక్కడ ఎవరు తెరవాలి?

హిమబిందు_ఆర్

మాస్టారూ, మీ చివరి ప్రశ్న నా గైడ్‌కు కూడా చూపించాను. పరిశోధనలో ఆ పోలికకు చోటు లేదు కానీ, ఆ ప్రశ్న నాతోనే ఉంటుంది.

జనవరి 15 టేపు విన్నాను. కింగ్ ఆ మాట అనగానే అటువైపు జాన్సన్ స్వరం మారడం స్పష్టంగా తెలిసింది.

ప్రసాద్_డాలస్

కొంచెం పక్కకు వెళ్తున్నందుకు మన్నించాలి. కానీ ఇక్కడ ఉన్న మన వాళ్లందరికీ ఈ పెట్టెలతో చుట్టరికం ఉంది. 1946లో ట్రూమన్ సంతకం పెట్టిన చట్టంతో భారతీయులకు దొరికింది ఏడాదికి 100 మంది కోటా. 1965 అక్టోబర్ 3న లిబర్టీ ఐలండ్‌లో జాన్సన్ సంతకం పెట్టిన వలస చట్టంతో దేశాలవారీ పాత కోటాలు పోయాయి. 70ల్లో ఇక్కడికి వచ్చిన మన డాక్టర్లు, ఇంజనీర్లు ఆ తలుపు గుండా వచ్చినవాళ్లే. పౌరహక్కుల చట్టం, ఓటు హక్కు చట్టం, ఇదీ ఒకే గాలిలో పుట్టాయి. సెల్మాలో దెబ్బలు తిన్నది ఎవరో మన పిల్లలకు చెప్పాలి. కోడ్ కావాలంటే ఎల్‌ఈ/ఐఎం.

సుజాత_కె (మేరీల్యాండ్)

ప్రసాద్ గారూ, ఇది పక్కకు వెళ్లడం కానే కాదు. ఈ మాట ఇక్కడి మన సభల్లో వినబడదు, వినబడాలి.

బిందూ, ఆస్టిన్ వెళ్లగలిగితే ఒక సంగతి ముందే తెలిసుండాలి. ఫోల్డర్ తెరవగానే కొన్నిచోట్ల మొదటి కాగితం విత్‌డ్రాయల్ షీటు ఉంటుంది. తీసేసిన పత్రాల జాబితా అది: తేదీ, ఎవరు ఎవరికి, ఎన్ని పేజీలు, ఎందుకు తీశారు. కారణానికి ఏ, బీ, సీ అక్షరాలు. ఏ అంటే జాతీయ భద్రత, బీ అంటే చట్టం ప్రకారం మూసినది, సీ అంటే కాగితాలు ఇచ్చిన వారి దానపత్రంలోని షరతు. ఆ షీటును తప్పకుండా ఫోటో తీసుకో. ఏ ఉన్నవాటికి డీక్లాసిఫికేషన్ (రహస్య ముద్ర తొలగింపు) సమీక్ష కోరవచ్చు. సీకి అది వర్తించదు. జాన్సన్ కాగితాలు చట్టప్రకారం ఆయన సొంతం, ఆయన దానంగా ఇచ్చాడు. 1978 ప్రెసిడెన్షియల్ రికార్డ్స్ చట్టం వచ్చాకే, రేగన్ నుంచి మొదలుపెట్టి, ఆ కాగితాలు ప్రజల ఆస్తి అయ్యాయి. అక్కడ సమాచార హక్కు కింద అడగవచ్చు కానీ క్యూ చాలా పొడుగు.

ఓటు హక్కు చట్టం తర్వాతి కథ మీద ఆసక్తి ఉంటే రేగన్ కాలం కూడా చూడు. 1982లో ఆ చట్టం పొడిగింపు చర్చలో ఓటింగ్‌లో జాతి వివక్షను నిషేధించే సెక్షన్ 2ను బలపరచకూడదని న్యాయశాఖలో వాదనలు రాసిన యువ లాయర్ జాన్ రాబర్ట్స్. ఆయన సుప్రీంకోర్టుకు నామినేట్ అయినప్పుడు, 2005లో, ఆ మెమోలు బయటికొచ్చాయి. 2013లో ఆ చట్టంలోని ఒక కీలక భాగాన్ని పనిచేయకుండా చేసిన షెల్బీ కౌంటీ తీర్పు రాసింది ఆయనే. ముప్ఫై ఏళ్ల ముందు రాసిన మెమో పక్కన ఆ తీర్పు పెట్టుకుని చదివితే ఆర్కైవ్ ఎందుకు కావాలో ఎవరికీ వివరించనక్కర లేదు.

శ్రీనివాస్_ఆస్టిన్

రీడింగ్ రూమ్ సంగతులు కూడా చెప్పేస్తాను. బ్యాగులు బయట లాకర్లో. లోపలికి పెన్ను రానివ్వరు, పెన్సిలే. ఫోన్‌తో ఫోటోలు తీసుకోవచ్చు, ఫ్లాష్ వద్దు. ఒకసారి ఒకే పెట్టె, అందులోంచి ఒకే ఫోల్డర్ బల్ల మీదకు. కాగితాల వరుస మార్చకూడదు. చాలావరకు కార్బన్ కాపీలు, ఉల్లిపొరలా పల్చటి కాగితం మీద. మీద సెంట్రల్ ఫైల్స్‌కు అందిన తేదీ ముద్ర ఉంటుంది. మెమో అడుగున అవును, కాదు, నన్ను కలువు అని మూడు గీతలుంటాయి, ప్రెసిడెంట్ టిక్కు పెట్టినది ఏ గీత పక్కనో చూడండి. ఒక్కోసారి విధానమంతా ఆ టిక్కులోనే ఉంటుంది.

ప్రతి ఫోల్డర్ తెరిచే ముందు దాని పేరు, పెట్టె నంబర్ ఉన్న చీటీని ఫోటో తీయండి, ఆ తర్వాతే లోపలి కాగితాలు. ఇంటికెళ్లాక ఏ ఫోటో ఏ పెట్టెలోదో తెలియకపోతే ఆ పత్రాన్ని ఉటంకించలేరు.

ఎల్‌బీజే ఫౌండేషన్ వాళ్ల మూడీ గ్రాంట్లు ప్రయాణం, బస లాంటి ఖర్చులకు ఉన్నాయి. దరఖాస్తులో ఏ కాగితాలు చూడాలనుకుంటున్నారో స్పష్టంగా రాయండి. పైన చెప్పుకున్న కోడ్‌లు అక్కడ పనికొస్తాయి.

వరంగల్_రవి

గ్రాంటుకు రాసేటప్పుడు ఓరల్ హిస్టరీలు కూడ కలుపుర్రి. ఆరన్ హెన్రీ, రాయ్ విల్కిన్స్, లీ వైట్ ముగ్గురివి ఎల్‌బీజే లైబ్రరీలనే ఉన్నయి, ఆన్‌లైన్‌ల చదవొచ్చు. జీఈఎన్ ఫోల్డర్లకే ఎక్కువ టైమ్ పెట్టుకోండి. పేర్లు తెలియని తల్లులు, పాస్టర్లు రాసిన ఉత్తరాలు ఉంటయి. వాటికి వైట్‌హౌస్ నుంచి జవాబు పోయిందా, పోతే అచ్చుకొట్టిన ఒక్క మూస ఉత్తరమేనా, న్యాయశాఖకు తోసేసిన్రా, అది లెక్క తీయుర్రి. ఇప్పటిదాక జాన్సన్ ఏమనుకున్నడన్నదే చాలామంది రాసిన్రు.

హిమబిందు_ఆర్

రవి గారూ, నా మూడో అధ్యాయం ఇదే అవుతుంది. ఆర్కివిస్టుకు మెయిల్ రాశాను: హెచ్‌యూ 2/ఎస్‌టీ 24 ఈఎక్స్, జీఈఎన్ రెండూ, 1964 మే నుంచి సెప్టెంబర్ వరకూ. నేమ్ ఫైల్‌లో ముగ్గురి పేర్లు. జూన్ 17 నోట్‌కు ముందూ వెనకా అదే ఫోల్డర్లో ఏముందో కూడా అడిగాను. తల్లిదండ్రులు పంపిన అసలు అభ్యర్థన పక్కనే ఉందేమో చూడాలి.

సుజాత_కె (మేరీల్యాండ్)

ఆ అభ్యర్థన కాపీ విస్కాన్సిన్ సేకరణలోనూ వెతుకు. పంపినవాళ్లు కూడా ఒక కాపీ దాచుకునే అవకాశం ఉంది. అక్కడ దొరికితే వాళ్లు ఏ తేదీన పంపారో, వైట్‌హౌస్ ముద్రలో ఏ తేదీ పడిందో పక్కపక్కన పెట్టి చూడవచ్చు.